చెట్లా, ప్రాణాలా అని వాదించే ముందు టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లండి

ఊళ్లో రోడ్డు తవ్వి కొత్తగా వేస్తారని తెలియగానే జనం రెండుగా చీలిపోతారు. చెట్లు పోతాయని కొందరి బాధ, చెట్ల వల్లే ప్రమాదాలని ఇంకొందరి కోపం. నేను చెట్ల వైపు. మొదటి మీటింగులో నీడ గురించి, పిట్టల గురించి గట్టిగా మాట్లాడి కూర్చున్నాను. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "అమ్మా, నా భార్యను గుద్దినవాడు మొక్కల చాటున మనిషి కనబడలేదన్నాడు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఏడాదిన్నర ఆ పని వెంట తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు డ్రాయింగులు సంపాదించండి. పైనుంచి చూసినట్టుండే ప్లాను ఒకటి, రోడ్డును అడ్డంగా కోసి చూపించే క్రాస్ సెక్షన్ ఒకటి. ఫుట్‌పాత్ ఎంత, డివైడర్ ఎంత అన్నది రెండోదాంట్లో తేలుతుంది. ప్లాను మీద 1:500 అని ఉంటే కాగితం మీద సెంటీమీటరు నేల మీద 5 మీటర్లు. జిరాక్స్ తీసినప్పుడు సైజు మారితే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, పక్కన గీసి ఉండే స్కేలు గీతతో సరిచూసుకోండి. ఆకుపచ్చ గుండ్రాలు చూసి సంతోషపడిపోకండి. అవి నాటిన రోజు సైజా, పెరిగాక సైజా అని అడగండి.

చెట్ల మాట ఎత్తకముందే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ రోడ్డు మీద బండ్లు ఎంత స్పీడులో వెళ్లాలని గీశారు? మిగతా వాదన అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. మనిషి కనబడ్డాక బ్రేకు మీద కాలు పడటానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, అప్పటికే 21 మీటర్లు. అదే 30లో వెళ్తున్న కారు, పొడి రోడ్డు మీద, 18 మీటర్లలోపే పూర్తిగా ఆగిపోతుంది. అంటే 30లో వచ్చినవాడు ఆగిపోయిన చోట 50లో వచ్చినవాడు ఇంకా బ్రేకు కూడా తొక్కలేదు. ఈ ఒక్క లెక్క బోర్డు మీద రాసి చూపించాక మా మీటింగులో అరుపులు తగ్గాయి.

చెట్టు కాండం ప్రమాదకరమా అన్నది కూడా స్పీడుతోనే తేలుతుంది. పెరిగాక అడ్డుకొలత 10 సెంటీమీటర్లకు మించి లావయ్యే కాండాన్ని రోడ్డు ఇంజనీర్లు స్తంభంతో సమానంగా చూస్తారు. వేగంగా వెళ్లే రోడ్డుకు అది దూరంగా ఉండాల్సిందే. మామూలు ఎత్తున్న ఫుట్‌పాత్ అంచురాయి అదుపు తప్పిన కారును ఆపుతుందని నమ్మకండి, స్పీడులో ఉంటే ఎక్కేస్తుంది. నెమ్మదిగా వెళ్లే వీధిలో మాత్రం నడిచేవాళ్లకీ బండ్లకీ మధ్య వరుసగా చెట్లుంటే వాళ్లకు కాస్త రక్షణే.

ఇక అసలు పని, రోడ్డు మీదికి వెళ్లడం. నేను ఆ పెద్దాయన్నే అడిగాను, "అంకుల్, ఆ చోటు నాకు చూపిస్తారా?" అని. మర్నాడు సాయంత్రం ఇద్దరం వెళ్లాం. జీబ్రా క్రాసింగ్ దగ్గర డివైడర్‌లో పొదలు నా నడుము దాకా ఉన్నాయి. మీటరు ఎత్తులో, అంటే చిన్నపిల్లల కళ్ల ఎత్తులో ఫోన్ పెట్టి, బండ్లు వచ్చే వైపు ఫొటో తీశాను. ఫొటో నిండా ఆకులే. ఒక బండి హెడ్‌లైటు మాత్రం ఆకుల సందులోంచి చుక్కలా కనబడింది. అక్కడే ఉన్న పెద్ద చెట్టు కొమ్మలు మా తలల పైన ఉన్నాయి, అవి దేనికీ అడ్డం లేవు. పెద్దాయన ఆ చెట్టు మొదలు మీద చేయి వేసి, "దీన్ని కొట్టెయ్యమని కాదమ్మా నేనన్నది" అన్నారు. అప్పటినుంచి మేమిద్దరం కలిసే మాట్లాడాం.

మేం అడిగింది ఇదీ: మలుపులు, క్రాసింగుల దగ్గర మొక్కలు 60 సెంటీమీటర్లు దాటకూడదు, చెట్ల కొమ్మలు రెండున్నర మీటర్ల కింద ఉండకూడదు. ఆ మధ్య ఖాళీలోంచే డ్రైవరూ నడిచేవాళ్లూ ఒకరినొకరు చూసుకుంటారు. డివైడర్‌లో ఆగి దాటే చోటు 2 మీటర్ల వెడల్పుంటే పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండితో నిలబడ్డా ముందూ వెనకా వెళ్లే వాహనాలు తగలవు. కత్తిరిస్తాం అనే హామీ కన్నా, సహజంగానే పొట్టిగా ఉండే రకాలు నాటమనడం మేలు. కత్తిరించేవాళ్లు రాని నెల తప్పకుండా వస్తుంది. రాత్రి కూడా ఒకసారి నడవండి. స్ట్రీట్ లైటు, చెట్టు ఒకే వరుసలో గీసి ఉంటే వెలుగంతా ఆకుల మీదే ఆగిపోయి ఫుట్‌పాత్ చీకటైపోతుంది.

ఉన్న చెట్లను ఉంచుతామని రాసిచ్చినా, వేర్ల సంగతి అడగండి. ఛాతీ ఎత్తున కాండం చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. దానికి పన్నెండు రెట్ల దూరం వరకు చుట్టూ తవ్వకూడదన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. 40 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న కాండానికి దాదాపు 5 మీటర్లు. పని మొదలయ్యే ముందే అక్కడ కంచె వేయించండి. మాకు కంచె ఆలస్యంగా వచ్చింది. అప్పటికే జేసీబీ ఒక పక్క వేర్లు తెంపేసింది. ఆ చెట్టు రెండేళ్లలో ఎండిపోయింది. నాకు ఇప్పటికీ అటు నడవబుద్ధి కాదు.

మీటింగులో మూడు నిమిషాలే దొరుకుతాయి. ఒక్క చోటు, ఒక్క ఫొటో, ఒక్క ప్రశ్న చాలు. డిజైన్ చేసినవాళ్లు కాకుండా వేరే టీం సేఫ్టీ ఆడిట్, అంటే ప్రమాదాలకు ఎక్కడ అవకాశముందో చూసే తనిఖీ, చేసిందా, ఆ రిపోర్టు చూడొచ్చా అని కూడా అడగండి. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకండి. "పరిశీలిస్తాం" అంటే ఎప్పటిలోగా, ఏ డ్రాయింగులో మారుతుందో మినిట్స్‌లో, అంటే మీటింగులో ఏమనుకున్నారో రాసే రికార్డులో, రాయించండి. కాపీ తీసుకోండి.

రోడ్డు తెరిచాక ఒక వానాకాలం గడవనిచ్చి, టేపు పట్టుకుని అదే క్రాసింగ్‌కు వెళ్లండి. మొక్కలు 60 దాటి ఉంటే అదే ఎత్తు నుంచి ఫొటో తీసి, మినిట్స్ కాపీ జతచేసి పంపండి.