లోహం కోసే కటింగ్ డిస్క్‌లో ఏముంటుంది? మీ పనికి సరిపోయేది ఎలా ఎంచుకోవాలి?

సగం అరిగిన కటింగ్ డిస్క్ ఒకటి తీసుకుని దాని అంచును వెలుతురులో దగ్గరగా పెట్టి చూడండి. పంచదార పలుకుల్లా మెరిసే గోధుమరంగు గింజలు కనిపిస్తాయి. వాటిని పట్టుకుని నల్లటి జిగురు ఉంటుంది. ఆ జిగురులోంచి తెల్లటి దారపు పోగులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. డిస్క్ అంటే ముఖ్యంగా ఈ మూడే: గింజలు, జిగురు, వల. ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే షాపులో ఏ డిస్క్ అడగాలో మీకే అర్థమవుతుంది.

కోసేది గింజలు. ఒక్కో గింజా ఒక చిన్న ఉలి లాంటిది, లోహాన్ని సన్నటి రజనుగా చెక్కుకుంటూ పోతుంది. ఎక్కువ డిస్క్‌ల్లో వాడే గింజ అల్యూమినియం ఆక్సైడ్. ఇది ప్రకృతిలో కూడా దొరుకుతుంది, దాన్నే మనం కురువిందం అంటాం. డిస్క్‌లకు వాడేదాన్ని మాత్రం బాక్సైట్‌ను విద్యుత్ కొలిమిలో సుమారు 2000 డిగ్రీల వేడికి కరిగించి, చల్లార్చి, పగలగొట్టి, జల్లెడ పట్టి తయారు చేస్తారు. దీనికే జిర్కోనియా కలిపి కరిగిస్తే ఇంకా దృఢమైన గింజ వస్తుంది, ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది. సిరామిక్ గింజ వీటన్నిటికంటే ఖరీదు. అది మొద్దుబారే లోపే అతి చిన్న ముక్కలుగా విరిగి, ఎప్పటికప్పుడు కొత్త పదును తేలుస్తుంది.

1891లో ఎడ్వర్డ్ అచెసన్ తయారుచేసిన సిలికాన్ కార్బైడ్ అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టిది. అయినా ఉక్కు కోయడానికి అది పనికిరాదు. కోతలో పుట్టే వేడికి ఇనుముతో రసాయనికంగా కలిసిపోయి త్వరగా అరిగిపోతుంది. అందుకే దాన్ని రాయికి, కాంక్రీటుకు వాడతారు. గట్టిదైతే చాలు అన్నిటినీ కోస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

జిగురు ఫినాలిక్ రెసిన్. 1907లో లియో బేకలాండ్ కనిపెట్టిన బేకలైట్ ఈ జాతిదే. చేత్తో పట్టుకుని కోసేటప్పుడు డిస్క్‌కు కుదుపులు, దెబ్బలు తప్పవు. వాటిని రెసిన్ కొంత ఓర్చుకుంటుంది. అయితే అది తేమ పీలుస్తుంది, కాలం గడిచేకొద్దీ బలహీనపడుతుంది. ఇక వల గాజు నారతో నేసినది. ఒక మిల్లీమీటరు మందం డిస్క్ అంత వేగంలో చెదిరిపోకుండా నిలబడుతోందంటే దాని వల్లే.

వీటితో పాటు కంటికి కనపడని నాలుగోది ఒకటుంది. రెసిన్‌లో క్రయోలైట్, పైరైట్ లాంటి పొడులు కలుపుతారు. వేడికి అవి కరిగో, విడిపోయో రాపిడినీ వేడినీ తగ్గిస్తాయి. వీటిలో పైరైట్ అంటే ఇనుము, గంధకం కలిసినది. స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర ఈ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

అరగడమే దాని పని

డిస్క్ త్వరగా అరిగిపోతే నాసిరకం అనేస్తాం. ఈ మాటలో సగమే నిజం. గింజ మొద్దుబారగానే దాని మీద ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు రెసిన్ దాన్ని వదిలేయాలి. అది రాలితేనే వెనకున్న పదునైన గింజ ముందుకొస్తుంది. రెసిన్ మరీ గట్టిగా పట్టుకుంటే మొద్దు గింజలు అక్కడే ఉండి, కోయడం మానేసి రుద్దుతాయి. అంచు అద్దంలా నున్నబడుతుంది, లోహం నీలం తిరుగుతుంది. అందుకే గట్టి లోహానికి మెత్తటి పట్టు ఉన్న డిస్క్, మెత్తటి లోహానికి గట్టి పట్టు ఉన్న డిస్క్ తీసుకోవాలి. వినడానికి తిరగేసి చెప్పినట్టుంటుంది గానీ, ఎంపికంతా నడిచేది దీని మీదే.

మొదట మెషిన్ చూడండి

డిస్క్‌ను తిప్పే చేతి మెషిన్‌నే గ్రైండర్ అంటారు. దాని మీద రాసి ఉన్న వేగాన్ని, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే ఆర్‌పీఎం అంకెను చదవండి. డిస్క్ మీద ఉన్న గరిష్ఠ వేగం ఆ అంకెకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ ఉండకూడదు. చేతి గ్రైండర్ డిస్క్‌లను మామూలుగా సెకనుకు 80 మీటర్ల అంచు వేగానికి తయారు చేస్తారు. గంటకు 288 కిలోమీటర్లన్నమాట! ఈ లెక్కన 115 మి.మీ. డిస్క్‌కు సుమారు 13,300, 125 మి.మీ.కి సుమారు 12,200, 230 మి.మీ.కి సుమారు 6,600 ఆర్‌పీఎం పరిమితి. డిస్క్ మీద ఎర్ర గీత ఉంటే ఈ 80 మీటర్ల రకమని గుర్తు.

11,000 ఆర్‌పీఎంతో తిరిగే చిన్న గ్రైండర్‌కు, డిస్క్‌ను కప్పి ఉంచే గార్డు తీసేసి 230 మి.మీ. డిస్క్ బిగించడం చూస్తుంటాం. అప్పుడు అంచు వేగం సెకనుకు 132 మీటర్లు దాటుతుంది. డిస్క్‌ను చీల్చే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అది తట్టుకోవాల్సిన దానికి రెండున్నర రెట్లు మించిపోతుంది. దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి.

మధ్య రంధ్రం కొలత కూడా చూసుకోండి. 115, 125, 230 మి.మీ. డిస్క్‌లకు 22.23 మి.మీ. ఉంటుంది, 100 మి.మీ. వాటికి సాధారణంగా 16 మి.మీ. ఉంటుంది. రంధ్రం వదులైతే సందులో ఏదో కుక్కి బిగించకూడదు.

తర్వాత ఏ లోహమో తేల్చుకోండి

మామూలు ఇనుప పైపు, యాంగిల్, రాడ్‌కు అల్యూమినియం ఆక్సైడ్ డిస్క్ చాలు. రోజంతా కోసే పనైతే జిర్కోనియా గానీ సిరామిక్ గానీ తీసుకోండి. ఒక్కో డిస్క్‌కు ఎక్కువ పెట్టినా, ఒక్కో కోతకు లెక్కేస్తే చాలాసార్లు చవకే పడుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుకు 'ఐనాక్స్' అని రాసి ఉన్న డిస్క్ మాత్రమే వాడండి. అందులో ఇనుము, గంధకం, క్లోరిన్ లేకుండా చూస్తారు. ఒకసారి తొందరలో మామూలు డిస్క్‌తో స్టీలు రెయిలింగ్ పైపులు కోసేశాను. బిగించినప్పుడు అద్దంలా మెరిసింది. వానలు పడ్డాక చూస్తే కోసిన ప్రతి అంచు చుట్టూ గోధుమరంగు చుక్కలు! డిస్క్‌లోని ఇనుము, గంధకం స్టీలు మీద అంటుకుని తుప్పును మొదలుపెట్టాయి. ఇనుము కోసిన డిస్క్‌తోనే మళ్లీ స్టీలు కోసినా ఇదే జరుగుతుంది. అందుకే స్టీలు డిస్క్‌లు వేరే డబ్బాలో పెట్టుకోవాలి.

అల్యూమినియం, రాగి, ఇత్తడి మెత్తనివి. కరిగి గింజల సందుల్లో అతుక్కుంటాయి, దాంతో డిస్క్ మూసుకుపోతుంది. అల్యూమినియం కోసమని ప్రత్యేకంగా రాసి ఉన్నదే తీసుకోండి.

మందం, గింజ సైజు

రేకు, సన్నటి పైపు, గోడ మందం తక్కువున్న బాక్స్ ట్యూబ్‌కు 1 మి.మీ. డిస్క్ బాగుంటుంది. వేగంగా కోస్తుంది, వేడి తక్కువ, అంచున ముళ్లు తక్కువ. కాకపోతే కాస్త వంకర పోయినా విరుగుతుంది. దళసరి ప్లేటుకు, చెయ్యి ఇంకా కుదురుకోనివారికి 1.6 మి.మీ. నయం. 2.5, 3 మి.మీ. డిస్క్‌లు మొరటు పనికి నిలుస్తాయి గానీ నెమ్మదిగా కోస్తాయి, వేడి పుట్టిస్తాయి.

లేబుల్ మీద 'ఏ 46 టీ బీఎఫ్' లాంటి అక్షరాలుంటాయి. 'ఏ' అంటే అల్యూమినియం ఆక్సైడ్. 46 గింజ సైజు: అంకె పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది, కాబట్టి 60 అంటే ఇంకా సన్నం. 'టీ' రెసిన్ పట్టు ఎంత గట్టిదో చెబుతుంది. ఆంగ్ల అక్షరాల వరుసలో 'ఏ' నుంచి 'జెడ్' వైపు పోయేకొద్దీ పట్టు గట్టిపడుతుంది. 'బీఎఫ్' అంటే వలతో బలపరిచిన రెసిన్. మామూలు ఇనుముకు 'టీ' ఉన్నది బాగుండి, గట్టి ఉక్కు దగ్గర రుద్దుతున్నట్టనిపిస్తే, ఈసారి 'ఆర్' గానీ 'ఎస్' గానీ ఉన్నది అడిగి చూడండి.

తేదీ, తేమ

చాలా డిస్క్‌లకు మధ్యనున్న లోహపు రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. అది తయారైన తేదీ కాదు, గడువు తేదీ. తయారైన రోజు నుంచి గరిష్ఠంగా మూడేళ్లు ఇస్తారు. గడువు దాటితే పైకి కొత్తగా కనిపించినా పక్కన పడేయండి. తడిసినదీ, కింద పడినదీ, అంచు పెచ్చు లేచినదీ వాడొద్దు. పొడి చోట, సమతలం మీద, పడుకోబెట్టి దాచండి.

బిగించి చూడండి

ప్లగ్ తీసేశాకే డిస్క్ మార్చండి. గార్డు మీ వైపు ఉండాలి. కళ్లద్దాలు, ముఖానికి షీల్డు, చెవులకు రక్షణ, దుమ్ముకు మాస్క్ పెట్టుకోండి. కొత్త డిస్క్‌ను మనుషులు లేని వైపు తిప్పి పట్టుకుని ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వండి. వణుకు వస్తే ఆపేయండి. కోసేటప్పుడు నిటారుగా దించండి, నొక్కి పట్టొద్దు. కటింగ్ డిస్క్ పక్కభాగంతో అంచులు నున్న చేయడం అసలు వద్దు. దానికి 6 మి.మీ. మందం గ్రైండింగ్ డిస్క్ వేరే ఉంది.

మొదటి కోత అయ్యాక లోహం అంచు చూడండి. తెల్లగా, శుభ్రంగా ఉంటే ఎంపిక కుదిరినట్టే. నీలం తిరిగి డిస్క్ అంచు నున్నబడితే పట్టు ఎక్కువైంది, మెత్తటి రకానికి మారండి. నాలుగు కోతలకే సగమైపోతే పట్టు తక్కువైంది, లేదా మీరు ఎక్కువ నొక్కుతున్నారు. ముందు చెయ్యి తేలిక చేసి చూసి, తర్వాతే డిస్క్ మార్చండి.

ఇంకొక్క మాట. అరిగి చిన్నదైన 230 మి.మీ. డిస్క్‌ను మిగిలిందే కదా అని చిన్న గ్రైండర్‌కు బిగిస్తుంటారు. సైజు తగ్గినా దాని మీద రాసిన 6,600 పరిమితి అలాగే ఉంటుంది. అలాంటిదాన్ని ఇంకెవరి చేతికీ దొరకకుండా విరిచి చెత్తలో వేయండి.