ఫోటోగ్రాఫర్ సొంత వెబ్‌సైట్ – 4వ పాఠం: హోస్టింగ్ కొనేముందు ఫోటోలను తూకం వేద్దాం

పోయిన పాఠంలో మీ మొత్తం పనిలోంచి నలభై ఫోటోలు ఏరి, వరుస పెట్టి, ఒక ఫోల్డర్‌లో ఉంచమన్నాను. ఆ ఫోల్డర్ ఇప్పుడు తెరవండి. ఏరడం పూర్తికాకపోతే ఉన్నవాటితోనే కూర్చోండి. ఈ పాఠానికి పది ఫోటోలున్నా చాలు.

ఈరోజు ఆ ఫోటోలకు చోటు చూస్తాం. హోస్టింగ్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్‌లో (దాన్నే సర్వర్ అంటారు) మన ఫైళ్లు ఉంచి, ఎవరు అడిగినా అందించే అద్దె సేవ, అంతే. కానీ అమ్మేవాళ్ల పేజీ తెరవగానే జీబీలు, కోర్‌లు, సగం ధరకే అన్న ఎర్ర అక్షరాలు, ఆఫర్ అయిపోతోందంటూ పరుగెత్తే గడియారం కనిపిస్తాయి. చాలామంది అక్కడే టెన్షన్ పడి ఏదో ఒకటి కొనేస్తారు. ఒక లెన్స్ కొనాలంటే పదిమందిని అడిగే మనం ఇక్కడ అంత తొందరపడటం నాకు బాధగా ఉంటుంది. అందుకే ముందు ప్లాన్ల వైపు చూడం, మన ఫోటోల వైపు చూస్తాం.

తూకం

నా ఫోల్డర్‌లోంచి ఒకటి తీస్తున్నాను. కొవ్వూరు ఒడ్డు నుంచి తెల్లవారుజామున తీసిన పాత హేవలాక్ వంతెన, 1997లో రైళ్లు ఆగిపోయినది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా కాబట్టి ఫోటో 6000 అడ్డం, 4000 నిలువు పిక్సెళ్లు. జేపెగ్ ఫైలు బరువు 11.4 ఎంబీ. దీన్ని లైట్‌రూమ్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను: లాంగ్ ఎడ్జ్ (పొడవైన అంచు) 2048 పిక్సెళ్లు, క్వాలిటీ 80, కలర్ స్పేస్ (రంగుల పరిధి) ఎస్‌ఆర్‌జీబీ. లొకేషన్ వివరాలు తీసేసే టిక్కు కూడా పెట్టాను. పెళ్లివారి ఇంటి అడ్రస్ ఫోటో వెంట ఊరంతా తిరగడం మంచిది కాదు. కొత్త ఫైలు 520 కేబీ. అంటే దాదాపు ఇరవై రెండో వంతు. రెండూ పక్కపక్కన పెట్టి మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద చూస్తే తేడా నా కంటికి ఆనలేదు. ఆ మానిటర్‌కు అడ్డంగా ఉండేవే 1920 పిక్సెళ్లు మరి.

ఇప్పుడు మీ వంతు. మీ ఫోటోలన్నీ ఇలాగే ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్త ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో మొత్తం బరువు ఎంతో కాగితం మీద రాసుకోండి. నావి నలభై కలిపి 21 ఎంబీ వచ్చాయి. బజారులో అతి చిన్న ప్లాన్ 10 జీబీ అనుకున్నా, అందులో మనకు పట్టేది దాదాపు ఐదొందల వంతే. కాబట్టి ఎవరైనా "సార్, మా దగ్గర వంద జీబీ" అంటే దానికోసం పైసా ఎక్కువ ఇవ్వకండి.

రెండో లెక్క, నెలకు ఎంత డేటా బయటికి వెళ్తుందన్నది. ఒక మనిషి వచ్చి పాతిక ఫోటోలు చూస్తే 13 ఎంబీ. నెలకు ఐదొందల మంది వస్తే 6.5 జీబీ. అదే ఫోటోలు తగ్గించకుండా 11.4 ఎంబీవి ఎక్కించి ఉంటే మనిషికి 285 ఎంబీ, నెలకు 140 జీబీ పైమాట. అసలు అంతసేపు ఎవరూ ఆగరు. కల్యాణ మండపంలో నిలబడి ఫోన్‌లో మీ పని చూస్తున్న పెళ్లికూతురి అన్నయ్య మూడో ఫోటో రాకముందే జేబులో పెట్టేస్తాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పోర్ట్‌ఫోలియో వేరు, కస్టమర్‌కు పెళ్లి ఫోటోలు అందించడం వేరు. ఒకటి షోకేసు, ఒకటి గోడౌన్. ఎనిమిది వందల ఫోటోలు పూర్తి సైజులో ఇవ్వాలంటే ఒక్క పెళ్లికే 9 జీబీ అవుతుంది. రెండూ ఒకే హోస్టింగ్‌లో కుక్కితే షోకేసు కూడా నెమ్మదిస్తుంది. డెలివరీ సంగతి ఏడో పాఠంలో చూద్దాం.

మూడు దారులు

మొదటిది, అన్నీ వాళ్లే చూసుకునే రెడీమేడ్ సేవలు: స్క్వేర్‌స్పేస్, విక్స్, స్మగ్‌మగ్, పిక్సీసెట్ లాంటివి. ఫోటోలు ఎక్కించి, టెంప్లేట్ ఎంచుకుంటే సైట్ తయారు. మనలో లైట్‌రూమ్‌కు నెలనెలా డబ్బు కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ముందు తమ ప్లాన్‌లో అడోబీ పోర్ట్‌ఫోలియో కలిసి వచ్చిందేమో చూసుకోండి. చాలా క్రియేటివ్ క్లౌడ్ ప్లాన్లలో వస్తుంది. చేతిలో ఉన్నదాన్ని వాడకుండా వేరేచోట ఇంకో చందా కట్టేవాళ్లను చూశాను. ఈ దారిలో ఇబ్బంది ఒకటే: చందా ఆపితే చాలాచోట్ల సైట్ ఆగుతుంది, ఆ డిజైన్ వెంట రాదు.

ఈ సేవలకు ఉచిత ట్రయల్ ఉంటే ఒక పరీక్ష తప్పకుండా పెట్టండి. ఫోటో కింద "శ్రీకాకుళం జిల్లా, వంశధార ఒడ్డు, కార్తీక పౌర్ణమి" అని తెలుగులో టైప్ చేయండి. చాలా టెంప్లేట్ల ఫాంట్లలో తెలుగు ఉండదు, బ్రౌజర్ తన దగ్గరున్న ఏదో ఫాంట్‌తో సర్దుతుంది. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్ అక్షరాల కొలతకు పెట్టి ఉంటుంది కాబట్టి ఒత్తులు కింది వరుసను గుద్దుకుంటాయి, గుడులు పైన కోసుకుపోతాయి. వరుసల ఎడం పెంచుకునే వీలు, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఎంచుకునే వీలు ఉందా చూడండి. లేకపోతే ఎంత అందమైన టెంప్లేట్ అయినా నేనైతే వద్దనే అంటాను. మన ఊరి పేరు మన లిపిలో సరిగా కనబడని చోట మన ఫోటోలు ఎందుకు?

రెండోది షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే అద్దె) తీసుకుని, అందులో సైట్ తయారు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ పెట్టుకోవడం. ఫోటోలతోపాటు కథలు రాసేవాళ్లకు, ప్రింట్లు అమ్మాలనుకునేవాళ్లకు ఇది నా ఎంపిక. పని ఎక్కువ, అప్‌డేట్లు మనమే చూసుకోవాలి, కానీ సైట్ మన చేతిలో ఉంటుంది.

మూడోది గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటి ఉచిత చోట్లలో, మనమే కోడ్ రాసుకున్న పేజీల (హెచ్‌టీఎంఎల్) ఫైళ్లు పెట్టడం. గిట్‌హబ్‌లో సైట్ 1 జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ డేటా వరకు అంటారు. మన 21 ఎంబీకి ధారాళంగా సరిపోతుంది. కానీ అక్కడ ఆన్‌లైన్ దుకాణం నడపడానికి ఒప్పుకోరు. ఇంట్లో బీటెక్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ దారి ఆలోచించండి.

వీపీఎస్ అని ఇంకోటి చెబుతారు, సర్వర్‌లో ఒక భాగాన్ని మనకే విడిగా ఇచ్చి మనల్నే నడుపుకోమనేది. పోర్ట్‌ఫోలియోకు అక్కర్లేదు, వదిలేయండి.

రంగు పోకుండా

ఈ ముక్క హోస్టింగ్ గురించి రాసేవాళ్లు సాధారణంగా చెప్పరు, మనకు మాత్రం ఇదే ముఖ్యం. నా దగ్గర నేర్చుకుంటున్న ఒకమ్మాయి మంగళస్నానం ఫోటో ఒకటి సైట్‌లో పెట్టింది. పసుపు నీళ్లు పోస్తుంటే పెళ్లికూతురు కళ్లు మూసుకున్న క్షణం. లైట్‌రూమ్‌లో ఆ పసుపు వెలిగిపోతోంది. సైట్‌లో చూస్తే నీరసంగా, ఉతికిన గుడ్డలా ఉంది. మానిటర్ తప్పేమో అని రెండు రోజులు తంటాలు పడింది.

కారణం ఇది. ఫోటోను ఆమె అడోబీ ఆర్‌జీబీ అనే వేరే కలర్ స్పేస్‌లో ఎక్స్‌పోర్ట్ చేసింది. వర్డ్‌ప్రెస్‌లో పెద్ద ఫోటో ఎక్కిస్తే అది అసలు ఫైలును ఉంచి, 2560 పిక్సెళ్ల కాపీ ఒకటి, ఇంకా 150 నుంచి 2048 వరకు ఆరు సైజుల కాపీలు తయారు చేస్తుంది. ఆ కాపీలు చేసే పనిముట్టు సర్వర్‌లో రెండు రకాలుగా ఉండొచ్చు. ఇమాజిక్ ఉంటే కలర్ ప్రొఫైల్ (ఫోటో ఏ కలర్ స్పేస్‌లో ఉందో చెప్పే చీటీ) కాపీల్లోకి కూడా వస్తుంది. అది లేక జీడీ ఒక్కటే ఉంటే ప్రొఫైల్ రాలిపోతుంది. ప్రొఫైల్ లేని ఫోటోను బ్రౌజర్ ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది, రంగు చప్పబడుతుంది. ఎస్‌ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేయమని పైన చెప్పింది ఇందుకే. అయినా హోస్టింగ్ వాళ్లను "మీ సర్వర్‌లో ఇమాజిక్ ఆన్‌లో ఉందా?" అని అడగండి. ఉంది అని వెంటనే చెప్పగలిగినవాళ్లకు తమ సర్వర్ గురించి తెలుసన్నమాట.

ఒక పెద్ద ఫోటో ఎనిమిది ఫైళ్లవుతుందని చూశారు కదా. అన్‌లిమిటెడ్ అని రాసిన ప్లాన్ల నిబంధనల్లో ఐనోడ్‌లు అనే మాట వెతకండి. అంటే ఎన్ని ఫైళ్లు ఉంచవచ్చన్న లెక్క. నలభై ఫోటోలకు భయం లేదు. తీసిన ప్రతి పెళ్లీ ఎక్కించేవాళ్లు మాత్రం జీబీలు మిగిలుండగానే ఆ గోడకు గుద్దుకుంటారు.

సర్వర్ ఏ ఊళ్లో ఉంది?

మీ సైట్ చూసేది రాజమండ్రి, కరీంనగర్ వాళ్లయితే సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉండటం మేలు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో కూడా క్లౌడ్ రీజియన్ (సర్వర్లు అద్దెకిచ్చే డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. కాబట్టి ఇండియాలో సర్వర్ కావాలని అడగడం ఇప్పుడు గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో ఉంటే ప్రతి ప్రశ్న సముద్రాలు దాటి వెళ్లి జవాబుతో తిరిగి రావాలి. ఒక్కో రాకపోకకు 200 మిల్లీసెకన్లు దాటుతుంది, పేజీ తెరుచుకోవడానికి అలాంటివి చాలా కావాలి. అయితే మన పెళ్లిళ్లలో సగం నిర్ణయాలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో జరుగుతాయి. అక్కడివాళ్లకూ త్వరగా తెరుచుకోవాలంటే, ఫోటోల కాపీలను చాలా దేశాల్లో ఉంచే సీడీఎన్ ప్లాన్‌లో ఉండాలి. క్లౌడ్‌ఫ్లేర్‌ది ఉచితంగానే మొదలుపెట్టవచ్చు.

వాళ్ల మాట నమ్మనక్కర్లేదు. వాళ్ల దగ్గరే నడుస్తున్న ఒక ఫోటో సైట్ అడ్రస్ అడగండి. మీ ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద రాత్రి తొమ్మిదింటికి తెరవండి. తర్వాత ఆ అడ్రస్‌ను గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టండి. మొదటి బైట్ (సర్వర్ నుంచి వచ్చే తొలి జవాబు, టీటీఎఫ్‌బీ) 0.8 సెకన్ల లోపు, పెద్ద ఫోటో (ఎల్‌సీపీ) 2.5 సెకన్ల లోపు రావాలి.

ధర చీటీ

నెలకు 149 అని రాసి ఉందనుకుందాం. కింద చిన్న అక్షరాల్లో 48 నెలలకు ఒకేసారి కడితేనే అని ఉంటుంది. అంటే ఈరోజు కట్టేది 7,152. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 8,439. తర్వాత రెన్యువల్ నెలకు 399 అనుకుంటే ఏడాదికి జీఎస్టీతో 5,650. ఇది నేను వేసుకున్న ఉదాహరణే. మీరు చూసే ప్లాన్‌కు ఇదే లెక్క కాగితం మీద వేయండి. రెన్యువల్ ధర ఎక్కడా దొరకకపోతే చాట్‌లో ఇలా అడగండి:

"రెండో విడత ఏడాదికి జీఎస్టీతో కలిపి ఎంత కట్టాలి?"

"సార్, ఇప్పుడు 70 శాతం ఆఫర్ నడుస్తోంది."

"ఆఫర్ చూశాను. అది అయిపోయాక ఎంత?"

అంకె చెప్పేదాకా అడగండి. చెప్పింది స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

బయటి దేశపు కంపెనీ అయితే ఇంకో జాగ్రత్త. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మన కార్డుల మీద ఆటో డెబిట్‌కు ముందుగా మన అనుమతి నమోదై ఉండాలి. ఆ ఏర్పాటు లేని కంపెనీల ఆటో రెన్యువల్ మన కార్డు మీద ఫెయిలవుతుంది. కాబట్టి రెన్యువల్ తేదీకి నెల ముందే ఫోన్ క్యాలెండర్‌లో అలారం పెట్టుకోండి.

తాళంచెవి ఎవరి దగ్గరుంది?

నా మొదటి సైట్ ఒక కంపెనీవాళ్లు చేసి పెట్టారు. డొమైన్ (సైట్ అడ్రస్ పేరు), హోస్టింగ్ అన్నీ వాళ్ల ఈమెయిల్ మీదే తీసుకున్నారు. నాకు పాస్‌వర్డ్ కూడా తెలియదు, అడగాలని తోచలేదు. ఒక మాఘమాసంలో, ముహూర్తాలు వరుసగా ఉన్న రోజుల్లో సైట్ ఆగిపోయింది. గడువు నోటీసులన్నీ వాళ్ల మెయిల్‌కే వెళ్లాయి, అక్కడ చూసేవాళ్లు లేరు. తాడేపల్లిగూడెం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, మీ సైట్ తెరుచుకోవట్లేదు, స్టూడియో ఎత్తేశారా?" అని అడిగారు. తిరిగి తెరిపించుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఎన్ని ఫోన్లు రాకుండా పోయాయో నాకెప్పటికీ తెలియదు.

అప్పటినుంచి నా నియమం ఒకటే: డొమైన్ నా పేరు మీద, నా ఈమెయిల్ మీద, హోస్టింగ్ కంపెనీతో సంబంధం లేని వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర. హోస్టింగ్ నచ్చకపోతే సామాన్లు సర్దుకుని వెళ్లిపోవచ్చు, అడ్రస్ మారదు. ప్లాన్‌లో డొమైన్ ఫ్రీ అన్నా నేను తీసుకోను.

ఫోటోల మాట కూడా అంతే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా ఆ ఆవరణలోనే పెట్టుకున్న కొందరికి ఏమీ మిగల్లేదు. ఫోటోలు దాచుకునే సైట్ ఫ్లికర్ 2013లో 1 టీబీ ఉచితమని పిలిచి, 2018లో ఉచిత ఖాతాలకు వెయ్యి ఫోటోలే అని ప్రకటించింది. అందుకని ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోల్డర్, ఫోటోల కింద రాసిన మాటల ఫైలు, రెండూ మీ ఇంట్లో హార్డ్ డిస్క్ మీద ఉండాలి. బ్యాకప్ ఉందా అని హోస్టింగ్ వాళ్లను అడగడంతో ఆగకండి, ఎన్ని రోజులది ఉంచుతారు, వెనక్కి తెచ్చుకోవడానికి డబ్బు తీసుకుంటారా అని కూడా అడగండి.

ఎస్‌ఎస్‌ఎల్ (అడ్రస్ ముందు https వచ్చేలా చేసే భద్రతా సర్టిఫికెట్) గురించి ఒక్క మాట. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ పుణ్యమా అని అది ఉచితంగా దొరుకుతుంది. దానికి విడిగా డబ్బు అడిగేచోట కొనకండి.

ఈ వారం పని

మీ దారి ఏదో ముందు తేల్చుకోండి. ఆ దారిలో రెండు కంపెనీలు ఎంచుకుని, ఆదివారం రాత్రి పదింటికి ఇద్దరికీ చాట్‌లో నాలుగు ప్రశ్నలు పంపండి: జీఎస్టీతో రెన్యువల్ ధర, సర్వర్ ఉన్న ఊరు, ఇమాజిక్ ఉందా, బ్యాకప్ ఎన్ని రోజులది. రెడీమేడ్ సేవల వాళ్లయితే మూడోదానికి బదులు తెలుగు ఫాంట్ సంగతి అడగండి. ఎన్ని నిమిషాలకు జవాబు వచ్చిందో జవాబు పక్కనే రాయండి. పెళ్లిళ్ల సీజన్‌లో మీ సైట్ ఆగేది అలాంటి రాత్రే.

ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో దాన్ని ముందేసుకునే డొమైన్‌ను హోస్టింగ్‌కు కలుపుతాం. రిజిస్ట్రార్ లాగిన్ మీ సొంత ఈమెయిల్‌తో తెరుచుకుంటోందో లేదో అప్పటిలోగా ఒకసారి చూసి ఉంచండి.