విశాఖలో డాబా మీద సోలార్ పెట్టించుకోవడం ఎలా?

సబ్సిడీ సంగతి తర్వాత. ముందు ఏడాది కరెంటు బిల్లులు తీసి, నెలకు సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. ఒక కిలోవాట్ ప్యానెళ్లు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. మీ వాడకం 240 అయితే 2 కిలోవాట్లు చాలు. పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు ఇస్తుంది. ఆపైన ఎంత పెట్టినా 78 వేలే. 5 కిలోవాట్లు అంటగట్టాలని చూసేవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

తర్వాత డాబా ఎక్కండి. కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగులు కావాలి, అదీ నీడ పడని చోటు. ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల పక్క అపార్ట్‌మెంటు నీడే పెద్ద సమస్య. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లూ చూడాలి. మీ సొంత వాటర్ ట్యాంకును మర్చిపోకండి.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లోనే. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర ఏపీఈపీడీసీఎల్ ఎంచుకుని, బిల్లు మీది సర్వీసు నంబరు ఇవ్వాలి. మీటరు ఇంకా తాతగారి పేరునే ఉందా? ముందు పేరు మార్పించుకోండి. 10 కిలోవాట్ల లోపైతే సాంకేతిక పరిశీలన కోసం ఆగక్కర్లేదు. ఆ పోర్టల్‌లో నమోదైన వెండర్లలో ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తోనే ఉండాలి.

బేరం ప్యానెళ్ల దగ్గర ఆడండి గానీ, వాటిని నిలబెట్టే స్ట్రక్చర్ దగ్గర మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. భవనాల డిజైన్ ప్రమాణాల్లో విశాఖకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి తట్టుకునేలా కడతామని వెండర్‌తో కాగితం మీద రాయించుకోండి. పైపులకు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత), బోల్టులకు స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. మామూలు ఇనుమైతే ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ప్యానెళ్లను మరీ ఎత్తున పెట్టించుకుంటారు కొందరు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బా పెరుగుతుంది.

బిగించాక నెట్ మీటరు (వచ్చే కరెంటునూ, మీరు లైనులోకి పంపే కరెంటునూ లెక్కించేది), తనిఖీ అయ్యాకే సబ్సిడీ మీ ఖాతాలో పడుతుంది. అందాకా డబ్బు మీరే సర్దుకోవాలి. తాకట్టు లేని బ్యాంకు రుణాలు ఉన్నాయి, అడగండి. మొదటి 5 ఏళ్ల మెయింటెనెన్స్ వెండర్‌దే.

కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తానే ఆపేస్తుంది. తుపానుకు కరెంటు పోయిన రోజుల్లోనూ ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కోసం ఇప్పుడే అడగండి. గాజువాక వైపు, పోర్టు చుట్టుపక్కల దుమ్ము ఎక్కువ కాబట్టి ప్యానెళ్లను తరచూ మంచినీళ్లతో కడగాలి. అదీ ఎండెక్కక ముందే, వేడి అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు.