పటిక స్ఫటికాలు కుదరడం లేదా? ముందు నీళ్లను, ఎండను చూడండి

ఈ దసరాకు కర్నూలులో మా ఇంటి బొమ్మల కొలువులో కొండను పటికతో చేశాం. తీగను కొండలా వంచి, ఉన్ని దారం చుట్టి, పటిక నీళ్లలో ఒక రాత్రి వేలాడదీస్తే తెల్లవారేసరికి స్ఫటికాలు మంచులా అల్లుకున్నాయి. అది చూసిన ఇరుగుపొరుగు పిల్లలు తామూ మొదలుపెట్టారు, కుదరని సీసాలను మా ఇంటికి తెచ్చారు. వాటిలో చాలావాటికి పటిక కారణం కాదు. మన బోరు నీళ్లు, మన పగటి ఎండ.

కొలత ఇది: 250 మిల్లీలీటర్ల వేడి నీళ్లకు 70 గ్రాముల పటిక పొడి. గాజు సీసా గానీ స్టీలు గిన్నె గానీ వాడండి, అల్యూమినియం వద్దు. వేడి నీళ్లు పెద్దవాళ్లే పోయాలి. పటికనూ పటిక బెల్లాన్నీ ఒకే అరలో ఉంచకండి. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి.

రెండు రోజులైనా ఏమీ రాలేదు

నీళ్లు ఎక్కువైనట్టే. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్లు సుమారు 14 గ్రాముల పటికను కరిగించుకుంటాయి, 50 డిగ్రీల దగ్గర దాదాపు 37 గ్రాములను. చల్లారేకొద్దీ నీళ్లలో పట్టక బయటికి వచ్చేదే స్ఫటికం. మళ్లీ వేడిచేసి మరికొంత పటిక కలపండి. కొలత సరిగ్గా ఉన్నా కదలిక లేకపోతే చిటికెడు పటిక రవ్వ వేసి చూడండి. స్ఫటికం పట్టుకుని పెరగడానికి ఏదో ఒక ఆధారం కావాలి.

అప్పటికీ రాకపోతే పటికనే అనుమానించాలి. నీటి శుద్ధికి వాడే బిళ్లల్లో కొన్ని అల్యూమినియం సల్ఫేట్‌వి, మట్టిరంగులో మసకగా ఉంటాయి. వాటితో మంచి స్ఫటికాలు రావు. పగలగొడితే గాజుముక్కలా మెరిసే పటిక తీసుకోండి.

నీళ్లు మసకగా ఉన్నాయి, అడుగున ఇసుకలాంటి రవ్వే మిగిలింది

ఎక్కువ సీసాల్లో కనిపించింది ఇదే. కాఫీ గిన్నె అడుగున తెల్లపొర కట్టించే నీళ్లే ఇక్కడా ఇబ్బంది పెడతాయి. వాటిలోని లవణాలు, పటికకు అంటుకున్న దుమ్ము నలుసులై తేలుతూ ఉంటాయి. నలుసు నలుసునా ఒక స్ఫటికం మొదలవుతుంది. ఉన్న పటికను వేల రవ్వలు పంచుకుంటే ఏదీ పెద్దది కాలేదు.

క్యాను నీళ్లు వాడితే సగం బాధ తీరుతుంది. బోరు నీళ్లే దిక్కయితే బాగా మరిగించి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట మాత్రం వంచుకోండి. పటిక కరిగాక వేడిగా ఉండగానే నాలుగు మడతల పాత నూలు పంచెలో వడకట్టండి. త్వరగా కావాలని ఫ్రిజ్‌లో పెట్టినా రవ్వే వస్తుంది. సీసాకు తువ్వాలు చుట్టి ఒక మూల వదిలేయండి.

దారానికి కట్టిన గింజ మాయమైంది

పెద్ద స్ఫటికం ఒక్కటే కావాలంటే కందిగింజంత స్ఫటికాన్ని ఏరి, సన్నని నైలాను దారానికి కట్టి వేలాడదీయాలి. నూలు దారం వద్దు, దాని నూగు మీద పిల్ల స్ఫటికాలు గుంపుగా పుడతాయి. మా అమ్మాయి ఒక తెల్లవారుజామున ఎంతో జాగ్రత్తగా గింజ కట్టింది. సాయంత్రం బడి స్నేహితురాలికి చూపిద్దామని మూత తీస్తే నీళ్లలో ముడి మాత్రమే ఉంది. "నాన్నా, గింజ లేదు!" అని సీసాను దీపానికి ఎత్తి పట్టుకుని అడుగంతా వెదికింది.

గింజను నీళ్లే కరిగించుకున్నాయి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు సంతృప్తమైన, అంటే ఇక పటిక పట్టనంతగా నిండిన, ద్రావణం మధ్యాహ్నం గది వేడెక్కేసరికి అసంతృప్తమవుతుంది, ఇంకా పటిక కావాలంటుంది. మన వైపు పగటికీ రాత్రికీ తేడా ఎక్కువ కాబట్టి ఇది తప్పదు.

దీనికి నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. ముందురోజు అడుగున పేరుకున్న పటికతో సహా ద్రావణాన్ని అలాగే ఉంచి, మధ్యాహ్నం గది బాగా వేడెక్కిన వేళ ఒకసారి కలియతిప్పండి. గంట ఆగి పైతేటను వేరే సీసాలోకి వంచండి. రోజులోని అత్యధిక వేడికి తగినంత పటిక అందులో ఉంటుంది కాబట్టి ఆ తర్వాత గింజ కరగదు, చల్లబడినప్పుడల్లా పెరుగుతుంది. సీసాను థర్మోకోల్ పెట్టెలో, లోపలి గదిలో పెడితే ఇంకా మంచిది. నోటికి పలుచని గుడ్డ కడితే దుమ్ము పడదు, నీళ్లు నిదానంగా ఆవిరవుతాయి.

వారం పది రోజులకు ఆకారం స్పష్టమవుతుంది: రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వెదికే వజ్రానికి కూడా సహజంగా తరచు ఉండే ఆకారం ఇదే. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు స్ఫటికాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ ముఖాలు లెక్కపెట్టడం చూసి తీరాలి.

రంగు కలిపినా తెల్లగానే వచ్చింది

మిఠాయి రంగు అణువులకు పటిక స్ఫటికపు అల్లికలో చోటు దొరకదు. రంగు నీళ్లలోనే మిగులుతుంది. లోపల రంగు ఉన్ని చుట్టండి, స్ఫటికాల గుండా అదే కనిపిస్తుంది. నీలం కోసం మైలుతుత్తం వాడమని ఎవరైనా చెబితే పిల్లలున్న ఇంట్లో వద్దనే అంటాను. అది విషం.

మెరిసే స్ఫటికం నాలుగు వారాలకే సున్నం పూసినట్టయింది

పటిక బరువులో సుమారు 45 శాతం స్ఫటికజలమే, అంటే స్ఫటికపు అల్లికలో ఇమిడి ఉన్న నీరే. మన పొడిగాలిలో పైపొర ఆ నీటిని కోల్పోయి పొడిబారుతుంది. ఎండలోనూ పొయ్యి దగ్గరా పెట్టకండి. 92 డిగ్రీల వద్ద తన నీటిలో తానే కరుగుతుంది. బయటికి తీయగానే మెత్తని గుడ్డతో అద్ది, ఆరాక రంగులేని గోళ్ల రంగు పలుచగా రెండుసార్లు పూయండి. అప్పటికే తెల్లబడినదైతే చల్లని పటిక ద్రావణంలో ఒక రాత్రి వేలాడదీయండి, పైన కొత్త పొర పడుతుంది.