క్యాథెటర్ ఉన్న ఐసీయూ రోగికి కొత్తగా జ్వరం: సమస్య - పరిష్కారం

సమస్య: యూరిన్ క్యాథెటర్ (మూత్రాశయం నుంచి మూత్రాన్ని బ్యాగులోకి పంపే గొట్టం) వేసి రెండు రోజులు దాటిన రోగికి 38 డిగ్రీల సెల్సియస్ పైన జ్వరం వస్తోంది, పొత్తికడుపు నొక్కితే ముఖం చిట్లిస్తున్నాడు.

ముందుగా చూడవలసింది ఒక్కటే, అందరూ వదిలేసేదీ అదే: ఈ రోగికి ఈ రోజు క్యాథెటర్ అవసరమా? గంట గంటకూ మూత్రం కొలవాల్సిన పరిస్థితి దాటిపోయినా, తీయమని ఎవరూ చెప్పలేదన్న ఒక్క కారణంతో అది రోజుల తరబడి ఉండిపోతుంది. క్యాథెటర్ ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం ఉంటుంది కనుక, ఉదయం రౌండ్స్‌లో ఈ ప్రశ్న నర్సే అడగాలి. మూత్రం మబ్బుగా ఉందనో, వాసన వస్తోందనో మాత్రమే కల్చర్ (మూత్రంలో ఏ క్రిములు పెరుగుతాయో చూసే పరీక్ష) పంపవద్దు. పంపవలసి వస్తే శాంపిల్‌ను బ్యాగ్ నుంచి కాక పోర్ట్ (ట్యూబు మీద శాంపిల్ కోసమే ఉన్న చోటు) నుంచి తీయాలి. క్యాథెటర్ వేసి రెండు వారాలు దాటి, అది ఇంకా అవసరమైతే, మార్చి కొత్తదాని నుంచి తీయాలి.

ఇక నన్ను బాగా దెబ్బతీసిన కారణం. ఒక ఐసీయూలో క్యాథెటర్ వేసే పద్ధతి, చేతుల శుభ్రత, గ్లౌజులు అన్నీ సరిగానే ఉన్నా ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. ఒకరోజు సీటీ స్కాన్‌కు వెళ్తున్న స్ట్రెచర్ వెంట నేనూ నడిచాను. సగానికి పైగా నిండిన బ్యాగ్‌ను తగిలించడానికి చోటు లేక రోగి కాళ్ల మధ్య పెట్టారు. లిఫ్ట్ దగ్గర స్ట్రెచర్ కుదుపుకు ట్యూబులోని మూత్రం వెనక్కి కదలడం కళ్లారా చూశాను. బ్యాగులో గంటల తరబడి నిలిచి ఉన్న మూత్రం అలా మూత్రాశయంలోకి తిరిగి వెళ్లగలదు. బ్యాగులో వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉన్నా దాన్నే నమ్ముకోకూడదు, పైగా ట్యూబులో నిలిచిన మూత్రాన్ని అది ఆపలేదు.

పరిష్కారం: రోగిని కదిలించే ముందు ట్యూబులోని మూత్రాన్ని బ్యాగులోకి దింపి, బ్యాగ్‌ను ఆ రోగికే కేటాయించిన జగ్గులోకి, కొళాయి మూతి జగ్గుకు తగలకుండా ఖాళీ చేయాలి. స్ట్రెచర్ కింది కడ్డీకి, మూత్రాశయం కన్నా దిగువన, నేలకు తాకకుండా తగిలించాలి. స్కాన్ టేబుల్ మీదికి జరిపేటప్పుడు బ్యాగ్ పట్టుకోవడానికి ఒకరిని ముందే నియమించాలి. ఆ కొన్ని క్షణాలు ట్యూబుకు క్లాంప్ (నొక్కి మూసే బిగింపు) వేస్తే వెంటనే తీయాలి; మరచిపోయిన క్లాంప్ మూత్రాశయాన్ని ఉబ్బిస్తుంది. తిరిగి వచ్చాక ట్యూబు మంచం అంచున ఉయ్యాలలా వేలాడకుండా సరిచేసి, క్యాథెటర్‌ను తొడకు అంటించారో లేదో చూడాలి. ట్యూబు కలిపిన చోట ఊడితే తుడిచి తగిలించడం కాదు, క్యాథెటర్‌తో సహా మొత్తం మార్చాలి.

బ్యాగ్ ఊదా రంగుకు తిరగడం అరుదు. దానికి బ్యాక్టీరియా చర్యే కారణం, డాక్టర్‌కు చెప్పండి. కల్చర్‌లో క్యాండిడా అనే ఫంగస్ ఒక్కటే కనిపిస్తే చాలాసార్లు అది అక్కడ చేరి ఉన్నదే తప్ప జ్వరానికి కారణం కాదు. అప్పుడు జ్వరానికి వేరే కారణం కోసం ఊపిరితిత్తులను, సెంట్రల్ లైన్‌ను (పెద్ద సిరలోకి వేసిన గొట్టాన్ని) మళ్లీ పరీక్షించండి.