ఎండ, వాన, ఎదురుగాలి: వాతావరణం మొరాయించిన రోజు లాంగ్ ట్రయాథ్లాన్ ఎలా చేయాలి?

రేసుకు ముందు రోజు రాత్రి అందరూ చేసే పని ఒకటుంది. ఫోన్‌లో వాతావరణం చూస్తారు. పడుకోబోతూ మళ్లీ చూస్తారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇంకోసారి చూస్తారు. వాన పడితే ఏం చేయాలో, ఎండ కాస్తే ఏం మానుకోవాలో ముందే అనుకోకపోతే ఇదంతా ఉత్త టెన్షన్. ఆ అనుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే లాంగ్ ట్రయాథ్లాన్‌లో రెండు రకాలు. ఫుల్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. హాఫ్ అంటే ఇందులో సగం. హైదరాబాద్ నుంచి చాలామంది మొదట వెళ్లేది గోవా హాఫ్‌కు. అక్కడ ఐరన్‌మ్యాన్ 70.3 (హాఫ్‌కు ఐరన్‌మ్యాన్ సంస్థ పెట్టిన పేరు) పోటీ 2019లో మొదలైంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నీళ్లలో దిగుతాం కదా, ఎండ మనల్ని ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ ఈత, సైకిల్ ముగించుకుని బూట్లు కట్టుకునేసరికి మామూలు వాళ్లకు పదిన్నర, పదకొండు అవుతుంది. 21 కిలోమీటర్ల పరుగు సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి పడుతుంది. ఫుల్ చేసేవాళ్లయితే ఒకే రోజులో చల్లదనం, ఎండ, సాయంత్రం జల్లు, చీకటి అన్నీ చూస్తారు.

ఈ ఆటకు వాతావరణంతో పేచీ పాతదే. హవాయిలో 1978లో మొదటి ఐరన్‌మ్యాన్ రేసు జరిగితే, మరుసటి ఏడాదే గాలివాన వల్ల ఒకరోజు వాయిదా పడింది. చివరికి బరిలో దిగింది 15 మంది.

1. టార్గెట్ టైమ్ పక్కన పెట్టి, మూడు వాక్యాలు రాసుకోండి

నా మొదటి హాఫ్‌లో నేను చేసిన తప్పు ఇక్కడే. ఆరున్నర గంటల్లో ముగించాలని చేతి మీద పెన్నుతో రాసుకుని మరీ వెళ్లాను. ఆ రోజు ఉక్కపోత విపరీతంగా ఉంది. నెక్లెస్ రోడ్డు మీద డిసెంబరు పొద్దుల్లో పరిగెత్తిన వేగంతోనే అక్కడా మొదలుపెట్టాను. పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. వాలంటీరు కుర్రాడొకడు వచ్చి, "అన్నా, ముందు నీడలోకి రా" అన్నాడు. మిగతా ఏడు కిలోమీటర్లు నడకే.

అప్పటి నుంచి ఒక చిన్న కాగితం రాసుకుంటున్నాను. ఎండ ఎక్కువైతే: పరుగు మొదటి ఐదు కిలోమీటర్లలో గుండె వేగం ఎంత దాటకూడదో ఒక అంకె. వాన పడితే: సైకిల్ మీద ఎక్కడెక్కడ బ్రేక్ ముందే వేయాలి. గాలి వీస్తే: స్పీడ్ చూడను, కాళ్ల మీద పడే బరువే చూస్తాను. అంతే, మూడు వాక్యాలు. ఒంట్లో సత్తువ తగ్గాక బుర్ర సరిగ్గా పనిచేయదు. అందుకే ఆ నిర్ణయాలు ముందు రోజే, కడుపు నిండా పెరుగన్నం తిని ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసుకోవాలి.

2. ఎండకు ఒంటిని అలవాటు చేయండి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అంత ఎండ ఊరికే దొరికే ఊళ్లో ఉండి కూడా మనం పొద్దున ఐదింటికి పరిగెత్తి, ఏడింటికల్లా ఏసీలోకి వెళ్లిపోతాం. మే నెలలో ఆ పని తెలివైనదే. కానీ రేసుకు రెండు మూడు వారాల ముందు మాత్రం కొంచెం ఎండ తగలాలి.

శరీరం వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. రోజూ గంట, గంటన్నర నిదానంగా చేస్తే చాలు. ఎండలో ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నిదానంగా మార్చి మార్చి చేయడం) కొట్టడం మాత్రం వద్దు, అది వడదెబ్బను పిలిచి కూర్చోబెట్టడమే. ఎండాకాలం కాని రోజుల్లో ఇంట్లోనే ట్రైనర్ (సైకిల్‌ను ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండ్) మీద సైకిల్ పెట్టి, ఫ్యాన్ ఆపేసి తొక్కండి. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నప్పుడే ఈ పని చేయండి. మా ఇంట్లో గది తలుపు తెరిచి, "ఇదేం పిచ్చి" అని రెండుసార్లు అడిగి వెళ్తారు. ఆ అడగడం నాకు భద్రతే. మళ్లీ రోజంతా ఏసీలోనే గడిపితే ఈ అలవాటు కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది కాబట్టి మరీ ముందుగా మొదలుపెట్టినా లాభం లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ లాంగ్ రైడ్‌లకు చక్కటి చోటు. అయితే పైన ప్యానెళ్ల నీడ ఉంటుంది. ఎండ అలవాటు కావాలనుకున్న రోజు మాత్రం అక్కడికి వెళ్లకండి.

మన ఎండ వేరు, తీరం ఎండ వేరు. మే నెలలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం పక్కన చెమట కారుతుందే తప్ప ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే థర్మామీటర్ 31 చూపించినా అక్కడ మన 38లా అనిపిస్తుంది. ఆ ఉక్కకు రిహార్సల్ కావాలంటే ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తండి. ముసురు పట్టిన గాలి, దానికి తోడు ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు. అంతకంటే మంచి పాఠం డబ్బిచ్చినా దొరకదు.

3. మీ చెమట మీరే కొలుచుకోండి

గంటసేపు పరుగుకు ముందు, తర్వాత బట్టల్లేకుండా బరువు చూసుకోండి. ముందు 68 కిలోలు, తర్వాత 66.9 ఉంటే తగ్గింది 1.1 కిలోలు. మధ్యలో అర లీటరు నీళ్లు తాగి ఉంటే అదీ కలపాలి. అంటే గంటకు 1.6 లీటర్ల చెమట. ఇదే పరీక్ష చల్లటి రోజున ఒకసారి, ఉక్కగా ఉన్న రోజున ఒకసారి చేస్తే తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

పోయినదంతా తిరిగి తాగాలని మాత్రం చూడకండి. పరిగెత్తేటప్పుడు కడుపు అంత నీటిని పట్టుకోలేదు. పైగా ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలవుతాయి. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. ఎండదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు తాగించేవాళ్లూ ఉంటారు, అది ఇంకా ప్రమాదం. రేసు ముగిసేసరికి బరువు పెరిగితే ఎక్కువ తాగారని అర్థం.

ఉప్పు కోసం మెడికల్ షాపులో దొరికే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఓఆర్‌ఎస్ చాలు. లీటరుకు ఒక ప్యాకెట్. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ ఫార్ములా పాటించని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఓఆర్‌ఎస్‌లో చక్కెర తక్కువ కాబట్టి బలానికి వేరేగా తినాలి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థాలు, అలవాటు ఉన్నవాళ్లకు 90 దాకా. ఎండలో రక్తం చర్మం వైపు మళ్లి పేగులకు తగ్గుతుంది. అందుకే చల్లటి రోజు హాయిగా దిగిన జెల్ (చిన్న ప్యాకెట్లో వచ్చే తియ్యటి ముద్ద) వేడి రోజున వాంతికి తెస్తుంది. అలాంటప్పుడు జెల్ మానేయకండి. వేగం తగ్గించి, నీళ్లతో కొంచెం కొంచెంగా తీసుకోండి. పల్లీ పట్టి, మిర్చి బజ్జీ సంగతి రేసు తర్వాత చూసుకుందాం.

4. ఈత: కొలనుకూ సముద్రానికీ పోలికే లేదు

హైదరాబాద్‌వాళ్ల పెద్ద లోటు ఇదే. గచ్చిబౌలి స్టేడియం కొలనులో నీలిగీత చూస్తూ ఈదేవాళ్లం ఒక్కసారిగా అలల్లో పడతాం. గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు, అక్కడ దిగాలన్న ఆలోచనే వద్దు. రేసు ఊరికి రెండు రోజులు ముందే వెళ్లి, నిర్వాహకులు పెట్టే ప్రాక్టీస్ ఈతలో పాల్గొనండి. కొలనులో మాత్రం రెండు పనులు నేర్చుకోవచ్చు: ఎనిమిది పది స్ట్రోక్‌లకొకసారి కళ్లు మాత్రమే నీటి పైకి తెచ్చి ఎదురుగా చూడటం, రెండు వైపులా ఊపిరి తీసుకోవడం. అల కుడి నుంచి కొడుతుంటే ఎడమ వైపు ఊపిరి తీసుకోవాలి, లేకపోతే ఉప్పునీళ్లే.

భయం వేస్తే వెల్లకిలా తిరిగి తేలండి, చెయ్యెత్తితే పడవ వస్తుంది. ఉరుము వినిపిస్తే మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు, బయటికి రావాల్సిందే. నిర్వాహకులు ఈత తగ్గించినా, రద్దు చేసినా గొణుక్కోవద్దు.

5. సైకిల్: వానలో జారుడు, గాలిలో తొందర

రేసులో ఎక్కువ సమయం గడిచేది ఇక్కడే, ఎక్కువమంది పడేదీ ఇక్కడే.

వాన మొదలైన తొలి పావుగంట అన్నిటికంటే ప్రమాదం. రోడ్డు మీది దుమ్ము, నూనె తడిసి సబ్బులా అవుతాయి. తెల్ల గీతలు, రోడ్డు మధ్య రిఫ్లెక్టర్లు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు, వీటి మీద మలుపు తిప్పకండి. మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే బ్రేక్ వేసి, మలుపులో బ్రేక్ వదిలేయండి. రిమ్ బ్రేక్‌లైతే తడి చక్రం మీద పట్టు దొరకడానికి ఒకటి రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, దానికి తగ్గట్టు ముందే నొక్కాలి. టైర్లలో గాలి మామూలు కంటే 5 నుంచి 10 పీఎస్‌ఐ తగ్గించండి. నీటి గుంటలో దిగకుండా తప్పుకోండి. హైదరాబాద్‌లో వానాకాలం బండి నడిపినవాళ్లకు ఇది చెప్పాలా? నీళ్ల కింద ఏముందో దేవుడికే తెలుసు. నల్ల కళ్లద్దాల బదులు తెల్లవి, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

గాలి సంగతి వేరు. అది కనపడదు, కానీ మన అహంకారాన్ని రెచ్చగొడుతుంది. నిన్న 30తో తొక్కినవాడికి ఎదురుగాలిలో 24 చూస్తే ఒళ్లు మండుతుంది, తొక్కేస్తాడు. గాలిని చీల్చడానికి పట్టే శక్తి వేగంతో పాటు నిలువునా పెరుగుతుంది: వేగం పది శాతం పెంచాలంటే ఆ శక్తి దాదాపు మూడో వంతు ఎక్కువ కావాలి. ఆ అప్పు వడ్డీతో సహా పరుగులో తీర్చాలి. ఎదురుగాలిలో గేరు తగ్గించి, ఒళ్లు కిందికి వంచి, అదే శ్రమతో పోండి. వెనక నుంచి గాలి తోసేటప్పుడు తినండి, తాగండి. పక్కగాలి కుదుపుతుంటే ఏరో బార్లు (ముందుకు వంగి మోచేతులు ఆనించేవి) వదిలి మామూలు హ్యాండిల్ పట్టుకోండి. భుజాలు బిగించకండి. ఎత్తు రిమ్ముల ముందు చక్రం అలాంటి చోట్లకు తీసుకెళ్లకపోవడమే మేలు. గాలికి అడ్డంగా ఇంకొకరి వెనక నక్కడం చాలా లాంగ్ రేసుల్లో నిషిద్ధం, ఐరన్‌మ్యాన్‌లో మనలాంటి వాళ్లకు 12 మీటర్ల దూరం పాటించాలి.

దీనికి ప్రాక్టీసు ఊళ్లోనే ఉంది. జూన్, జూలైలో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. తెల్లవారుజామున మర్రిచెట్ల చేవెళ్ల రోడ్డు మీద వికారాబాద్ వైపు వెళ్లండి. వెళ్లేటప్పుడంతా ఎదురుగాలి, వచ్చేటప్పుడు ఇంటికి ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు శ్రమ ఒకేలా ఉంచగలిగితే మీరు సిద్ధమైనట్టే.

హాంబర్గ్, కోపెన్‌హాగన్ లాంటి చోట్లకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. తడి బట్టలు, చల్లగాలి కలిస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. గేరు మార్చలేరు, జెల్ చింపలేరు. పలచటి జాకెట్, చేతులకు గ్లవ్స్ ట్రాన్సిషన్ (ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే చోటు) బ్యాగులో పెట్టుకోండి. ఆగి వేసుకోవడానికి పోయేది రెండు నిమిషాలు.

6. పరుగు: చల్లబరుచుకుంటూ ముందుకు

పొడి మేజోళ్లు ఒక జత జిప్ కవర్లో పెట్టి ట్రాన్సిషన్‌లో ఉంచండి. తొడలు, చంకలు, చనుమొనల దగ్గర వాజెలిన్ పూయండి. తడి బట్ట ఒరుసుకుంటే కలిగే మంట అనుభవిస్తే తప్ప తెలియదు.

ఎండ ఉంటే ప్రతి సపోర్ట్ స్టేషన్ దగ్గర నడవండి. ఇది ఓటమి కాదు, పద్ధతి. ఐస్ దొరికితే టోపీలో కొంత, గుప్పిట్లో కొంత, మెడ వెనక కొంత. నీళ్లు తల మీద పోసుకోండి, బూట్లలోకి కారకుండా కొంచెం ముందుకు వంగి. బూట్లు తడిస్తే బొబ్బలు ఖాయం.

7. ఆపేయాల్సిన గుర్తులు

పిక్కలు పట్టేయడం, వికారం, నీరసం వస్తే వేగం తగ్గించి, నీడలో నడిచి చూడొచ్చు. మాట తడబడటం, అడుగులు తూలడం, ఎక్కడున్నామో తెలియకపోవడం వస్తే రేసు అక్కడితో సరి. ఎండదెబ్బలో లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అప్పటికి చెమట పడుతూనే ఉండొచ్చు కాబట్టి దాన్ని చూసి మోసపోవద్దు. 2016లో మెక్సికోలోని కోజుమెల్‌లో ముందంజలో ఉన్న బ్రిటన్ ట్రయాథ్లెట్ జానీ బ్రౌన్లీ చివరి కిలోమీటరులో తూలిపోతే, అన్న అలిస్టర్ భుజం పట్టి గీత దాటించాడు. అది ఫుల్ రేసులో నాలుగో వంతు కూడా లేని దూరం.

ఈ గుర్తులు మీకు కాదు, మీతో వచ్చిన ఇంటివాళ్లకు చెప్పండి. ఆ స్థితిలో మిమ్మల్ని మీరు గుర్తుపట్టలేరు. ముందు మెడికల్ టెంట్‌కు కబురు, లేకపోతే 108. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఐస్ నీళ్లలో ముంచడమో, తడిపిన గుడ్డలు, ఐస్ ఒళ్లంతా పెట్టి గాలి ఆడేలా చేయడమో వెంటనే మొదలుపెట్టాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయకూడదు.

అంతా బాగా జరిగి మెడలో మెడల్ పడితే, పొడి బట్టలు మార్చుకుని, ఉప్పుతో ఏదైనా తిని, ఆ సాయంత్రమే సైకిల్‌ను మంచినీళ్లతో కడగండి. సముద్రపు ఉప్పు, చెమట, వాన బురద హ్యాండిల్ బార్ కిందికి దిగుతాయి. హైదరాబాద్ చేరాక చేద్దాంలే అని బాక్సులో పెట్టేస్తే, విప్పేసరికి చైన్ ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది.