అంటార్కిటికా ఆల్చిప్పల్లో దాక్కున్న జాతుల్ని ల్యాప్‌టాప్‌లోనే వెతకడం ఎలా

చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి, డీఎన్‌ఏ చూస్తే మాత్రం వేరే జాతులు, వీటినే క్రిప్టిక్ స్పీషీస్ అంటారు. అంటార్కిటికా సముద్రంలో బోలెడు బయటపడుతున్నాయి. వెతకడానికి షిప్పెక్కి పోనక్కర్లేదు, జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో డీఎన్‌ఏ సీక్వెన్సులు (అక్షరాల వరసలు) ఫ్రీగానే దొరుకుతాయి.

లిస్సార్కా నోటోర్కాడెన్సిస్‌తో మొదలెట్టండి. సీ అర్చిన్ ముళ్లకి అంటుకుని బతికే బుల్లి ఆల్చిప్ప ఇది, పిల్లల్ని తన చిప్పలోనే పెట్టుకుని పెంచుతుంది, నీళ్లలో తేలుతూ దూరం పోయే లార్వా ఉండదు కాబట్టి ఎక్కడి గుంపు అక్కడే ఉండిపోతుంది. ఇందులో ఒకటి కంటే ఎక్కువ జాతులు ఉండొచ్చని 2007లోనే పేపర్ వచ్చింది.

దీని సీఓఐ జీన్ సీక్వెన్సులు దించుకోండి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండే జీన్ ఇది, మామూలుగా 658 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క. ఎక్కడ దొరికిందో రాయనివి పక్కన పడేయండి, మనకి ఊరు పేరు లేని సీక్వెన్స్ దండగ. మాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌లో అలైన్ చేసి (ఒకదాని కింద ఒకటి సరిపోయేలా పేర్చి) ప్రోటీన్‌గా మార్చి చూడండి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: జెనెటిక్ కోడ్ టేబుల్ 5 (వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియాకి వాడే కోడ్) పెట్టాలి, డిఫాల్ట్‌గా ఉన్న 1 (మామూలు కోడ్) అలాగే వదిలేస్తే టీజీఏ అనే మూడక్షరాలు వచ్చిన ప్రతిచోటా స్టాప్ (ప్రోటీన్ అక్కడితో ఆగిపోయే గుర్తు) చూపిస్తుంది, సీక్వెన్స్ బంగారంలా ఉన్నా సరే. 5 పెట్టాక కూడా మధ్యలో స్టాప్ వస్తే అది న్యూక్లియస్‌లోకి చేరిన నకిలీ కాపీ అయ్యుండొచ్చు, తీసేయండి.

తర్వాత పాప్‌ఆర్ట్ అనే ప్రోగ్రామ్‌లో నెట్‌వర్క్ గీయండి, అంటే ఏ సీక్వెన్స్ దేనికి దగ్గరో చూపించే బొమ్మ. అంటార్కిటికాకి ఒక వైపున్న వెడెల్ సముద్రానివి ఒక గుత్తి, దూరంగా ఇంకో వైపున్న రాస్ సముద్రానివి ఇంకో గుత్తిగా విడిపోతే వెంటనే కొత్త జాతి అని ఎగరకండి బాబూ. పిల్లల్ని దగ్గరే పెంచుకునే జీవికి దూరంగా ఉన్న గుంపుల మధ్య తేడా రావడం మామూలే. ఒకే చోట దొరికిన రెండు గుత్తులు సీఓఐలోనూ, 28ఎస్ లాంటి, న్యూక్లియస్‌లో ఉండే జీన్‌లోనూ అదే గీత దగ్గర విడిపోయాయనుకోండి, అప్పుడు కేసు గట్టిది, నా లెక్కలో దీన్ని మించిన సాక్ష్యం లేదు.

రెండో జీన్ ఎందుకంటే, కొన్ని ఆల్చిప్పల్లో మగవాటికి తండ్రి మైటోకాండ్రియా కూడా వస్తుంది. మైటిలస్ అనే ఆల్చిప్పల్లో అయితే తల్లి రకానికీ తండ్రి రకానికీ తేడా 20 శాతం పైనే ఉండొచ్చు, అంటే ఒకే జాతి ఆడ, మగ మీ నెట్‌వర్క్‌లో రెండు జాతుల్లా కనిపిస్తాయి. శాంపిల్ ఆడదా మగదా, ఒంట్లో ఏ భాగం నుంచి డీఎన్‌ఏ తీశారు అని రికార్డులోనో పేపర్‌లోనో చూసుకోండి.